కొత్త మిషనెక్కని పంచాంగం

భీమరావు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది, కథంతా విన్నాక ఎవరికైనా ఆ అనుమానం రావచ్చు కనుక. ఆదోనిలో సిరుగుప్ప రోడ్డు మీదున్న బసవన్న సావుకారి పత్తి జిన్నింగు మిల్లులో ఆయన గుమాస్తా. బళ్ళారిలో బీయస్సీ లెక్కలు చదివాడు. పొద్దున సంధ్యావందనం, మధ్యాహ్నం డబ్బీ అన్నం, సాయంత్రం మిల్లు కూత పెట్టగానే ఇల్లు. ఎవరి జోలికీ పోడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. మనిషి చెప్తే సవాలక్ష సందేహాలు తీస్తాడు, మిషను చెప్తే మాత్రం తల ఊపేస్తాడు.

ఆయన తండ్రి వెంకోబారావు గారు పంచాంగకర్త. మంత్రాలయం పక్కన మాధవరం నుంచి వచ్చిన కుటుంబం. ఆయన గుణించిన 'మాధవరం వారి పంచాంగం' నలభై ఏళ్ళుగా ఒక్క ఏడూ తప్పకుండా ఉగాదికి వస్తోంది. ఆదోని, ఎమ్మిగనూరు, అటు చిప్పగిరి దాకా మాధ్వ బ్రాహ్మణుల ఇళ్ళల్లో మేకుకు వేలాడేది అదే. వాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యం ఏకాదశి ఉపవాసం. అది ఏ రోజన్నది తేల్చడం మీరనుకున్నంత సులువు కాదు. పొద్దు పొడవడానికి నాలుగు ఘడియల ముందు, అంటే గంటన్నర పైచిలుకు ముందు, దశమి ఇంకా రవ్వంతైనా మిగిలి ఉందా, ఆ ఏకాదశి చెడినట్టే. ఉపవాసం మరునాటికి పోతుంది. పొద్దు పొడుపు నుంచి రోజుకు అరవై ఘడియల లెక్క, కనుక దశమి యాభై ఆరు దాటకూడదు. ఘడియలో అరవయ్యో వంతు విఘడియ. ఆ ఒక్క విఘడియ అటూ ఇటూ అయిందంటే ఊళ్ళో మాధ్వులంతా తినాల్సిన రోజు పస్తుండి, పస్తుండాల్సిన రోజు శుభ్రంగా పాయసం జుర్రుతారు.

అందుకే వెంకోబారావు గారు బలపం పట్టారంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినిపించేది కాదు. భాగహారంలో మిగిలిన శేషం ఎంత చిన్నదైనా పలక మూల రాసి పెట్టుకునేవారు.

"శేషం పారేయొద్దురా భీమా," అనేవారు కొడుకుతో. "అది యాడికీ పోదు. ఏదో ఒకనాడు తిరిగి ఇంటికే వస్తుంది."

ఎనభై రెండులో ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. కత్తి పెట్టనివ్వనన్నారు. అప్పటి నుంచి ఆయన నోటితో చెప్తే కోడలు పద్మాబాయి పలక మీద వేసేది. ఆమె గూడూరు పిల్ల, చదివింది ఎనిమిదో తరగతి. పొయ్యి మీద చారు మరుగుతుంటే గడప దగ్గర కూర్చుని చంద్రుడి గతి గుణించేది. మొదటి ఏడు మామ చెప్పిందల్లా వేసింది. రెండో ఏడు మామ చెప్పేలోపలే వేసింది. భీమరావు ఇదేదీ చూడలేదు. ఆయనకు కనిపించిందల్లా ముసలాయన గొంతు చించుకోవడం, పెళ్ళాం చేతులకు బలపం పొడి. పాపం, ఇద్దరికీ ఈ చాకిరీ తప్పించాలనుకున్నాడు. మంచి ఉద్దేశమే. ఇంటింటికీ వచ్చిపడే తిప్పలన్నీ ఇట్లాంటి మంచి ఉద్దేశాలతోనే కదా మొదలయ్యేది!

ఎనభై మూడులో సావుకారు మిల్లుకు కంప్యూటరు తెప్పించాడు. జీతాలకు, పత్తి బేళ్ళ లెక్కకు అన్నాడు గానీ, అసలు సంగతి పత్తి మార్కెట్టులో ఇంకెవరికీ లేకపోవడం. దానికొక ఏసీ గది కట్టించాడు. చెప్పులు విడిచి లోపలికి పోవాలి. కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు, నీళ్ళు తీగల మీద పడితే కరెంటు పోయింది. ఎండాకాలం సావుకారి అత్తగారి వైపు వాళ్ళంతా ఆ గదిలో పడుకుని బేళ్ళ లెక్క చూసేవాళ్ళు. లెక్కలు చదివినవాడని దాన్ని నడిపే పని భీమరావుకు పెట్టారు.

మిల్లు లెక్కలకు కావలసిన ప్రోగ్రాం కంపెనీ వాళ్ళే ఇచ్చారు. పంచాంగం ప్రోగ్రాం మాత్రం భీమరావు సొంతంగా రాసుకున్నాడు, రెండేళ్ళు, ఆదివారం ఆదివారం. కంప్యూటరుకు బుర్ర అనదగ్గది దాని ప్రాసెసరు. ఏ ప్రాసెసరుకైనా తన ఆజ్ఞలు తనకే ఉంటాయి, వాటిని అంకెల్లో చెప్పాలి. ఈ పాత ప్రాసెసరు మరీ మొద్దు. దానికి గుణకారం రాదు, భాగహారం అసలే రాదు. కూడికా తీసివేతా తప్ప ఏమీ తెలియని దానికి భీమరావు సూర్య సిద్ధాంతం నేర్పాడు. నాలుగు లావుపాటి నోటు పుస్తకాల నిండా అంకెలు. ఎందరో పిల్లలకు ఎక్కాలు చెప్పిన పంతులుకు కూడా అంత ఓపిక ఉండదు. ఈ ఒక్క విషయంలో ఆయనకు దండం పెట్టొచ్చు.

పని అయ్యాక తండ్రి అడిగారు. "శేషాలు ఏం చేసినావురా?"

"దాంట్లో చోటు లేదప్పా. పారేసినా. అంత చిన్న ముక్కలతో ఏమైతుంది?"

ముసలాయన పై పంచె సర్దుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు.

క్రోధన నామ సంవత్సర పంచాంగం అలా మిషను లోంచి వచ్చింది. అచ్చు వేసేది ఎమ్మిగనూరులో సుంకప్ప. సావుకారు ప్రత్యేకంగా ఒక అచ్చు బ్లాకు చేయించి పంపాడు: 'కంప్యూటరు ద్వారా గణితము చేయబడినది'. అట్ట మీద పంచాంగం పేరుకన్నా అదే పెద్దదిగా ఉంది. కాగితం ఖర్చు ఆయనదే కనుక వెనక అట్టంతా మిల్లు ప్రకటన. జనం ఎగబడి కొన్నారు. అంతకుముందు నలభై ఏళ్ళు ఒక ముసలాయన కళ్ళు పోగొట్టుకుని గుణిస్తే ఎవరూ ఆహా అనలేదు, ఒక డబ్బా గుణించిందనేసరికి దండం పెట్టారు.

ప్రూఫులు ఇంటికి వచ్చిన రోజు పద్మాబాయి గడప దగ్గర నిలబడి నెమ్మదిగా అంది. "ఏమండీ, కార్తీకంలో ఏకాదశి నాకు వేరే వస్తాంది. దశమి యాభై ఆరు ఘడియలు దాటినట్టుంది. ఒక్కసారి చూస్తారా?"

భీమరావు పకపకా నవ్వాడు. "బలపానికీ మిషనుకూ పోటీ పెడతాండావా? మిషను తప్పు చేయదే పిచ్చిదానా. హాయిగా ఉండు, ఆ పలక అటక మీద పెట్టేయి."

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అక్షయ, ప్రభవ సంవత్సరాలవి కూడా మిషనే గుణించింది. ఇంట్లో అంతా సుఖమే, ఒక్క ముసలాయన ఆకలి మందగించడం తప్ప. ఏకాదశి పస్తుండి, మరునాడు పారణకు అందరూ విస్తళ్ళ ముందు కూర్చుంటే ఆయన ఒక్కోసారి "నాకొద్దు" అని తులసి తీర్థంతో సరిపెట్టేవారు. పద్మాబాయికి ఆ పూటే తలనొప్పి వచ్చేది. భీమరావు పితృభక్తి కలవాడు. డాక్టరు దగ్గరికి పోయి ఆకలి పుట్టే టానిక్కు తెచ్చి, దగ్గర కూర్చుని రెండు చెంచాలు తాగించేవాడు.

ఎనభై ఏడు వేసవిలో బెంగుళూరు నుంచి ఒక సేల్సాయన దిగాడు. అంత ఎండలో టై కట్టుకున్నాడు. కొత్త కంప్యూటరు వచ్చిందన్నాడు. కొత్త ప్రాసెసరు, పాతదానికి పదింతల వేగం. పాతది తమకు ఇచ్చేస్తే ధర తగ్గిస్తామన్నాడు.

సావుకారు భీమరావు వైపు చూశాడు. "ఏమప్పా సామీ, మన పంచాంగం దాంట్లోకి వస్తుందా? అది లేకపోతే నాకు మర్యాద పోతాది."

"సార్, పాత ఫ్లాపీ కొత్తదాంట్లో పెట్టడమే! ఒక్క పూట పని," అన్నాడు సేల్సాయన.

ఒక మనిషి అన్న మాట కనుక మామూలుగా అయితే భీమరావు సందేహించాలి. కానీ ఆ మనిషి మాట్లాడింది మిషను తరఫున. తల ఊపేశాడు. పాతది తీసుకుపోవడానికి, కొత్తది దించడానికి మంచి రోజు కూడా ఆయనే చూసి పెట్టాడు, తన పంచాంగంలోనే. అమృత ఘడియ. ఆ ఘడియలో పాత కంప్యూటరును గోనెసంచుల్లో చుట్టి లారీ ఎక్కించారు, ఆయనే దగ్గరుండి తాడు బిగించాడు.

లారీ మలుపు తిరిగాక, పంచాంగం ప్రోగ్రాం దాచి ఉంచిన ఫ్లాపీ తీశాడు. పాత ఫ్లాపీ విస్తరాకంత ఉంది. కొత్తదాని నోరు తమలపాకంత ఉంది.

సేల్సాయన బెంగుళూరు చేరాక ఫోనులో మాట మార్చాడు. ఫ్లాపీలో ఉన్నది ఎట్లాగో చిన్నదాంట్లోకి ఎక్కించినా లాభం లేదట. కొత్త ప్రాసెసరుకు గుణకారం వచ్చు, భాగహారం వచ్చు, పాతదాని ఆజ్ఞ మాత్రం ఒక్కటీ అర్థం కాదు. మొదటి అంకె నుంచి మళ్ళీ రాసుకోవాలి. కావాలంటే వాళ్ళ ఇంజనీరు వస్తాడట. వచ్చాడు కూడా. నాలుగు నోటు పుస్తకాలూ తిరగేసి, రెండు లోటాల కాఫీ తాగి, "పంచాంగమంటే క్యాలెండరే కదండీ, మా దగ్గర రెడీగా ఉంది," అని పన్నెండు నెలల ఇంగ్లీషు క్యాలెండరు అచ్చొత్తి చేతిలో పెట్టి పోయాడు. అందులో ఆదివారాలు తప్పకుండా సరిగ్గా ఉన్నాయి.

విభవ నామ సంవత్సర ఉగాది మార్చిలో. శివరాత్రి లోపల మొత్తం రాతప్రతి చేతికి రాకపోతే ఉగాదికి పుస్తకం ఇయ్యలేనని ఎమ్మిగనూరు నుంచి సుంకప్ప కార్డు రాశాడు. రాకపోతే మాధవరం వారి పంచాంగం మొట్టమొదటిసారి ఆగిపోతుంది. అదీ తండ్రి బతికుండగా, కొడుకు చేతుల్లో.

అప్పుడు మొదలైంది భీమరావు బతుకులో అసలు ఏకాదశి. ప్రతి ఆదివారం మిల్లు. దసరా మిల్లులో. దీపావళి మిల్లులో. కళ్ళద్దాల నంబరు రెండుసార్లు మారింది. పాతదానికి కూడికతో నేర్పిన గుణకారాలన్నీ కొత్తదానికి అక్కరలేదు, వాటిని తీయాలి. తీస్తే పక్కనున్న ఇంకేదో ఊడుతుంది. ఒక రోజు సూర్యుడు వెనక్కి నడిచాడు. ఇంకో రోజు నెలకు మూడు పౌర్ణములు వచ్చాయి. సావుకారు ఏసీ గదిలోకి తొంగి చూసి, "ఏం సామీ, ఆ డబ్బాలో ఉండేది ఈ డబ్బాలోకి ఒంపుకునేదానికి ఇన్ని నెలలా? నూనె డబ్బాలు గంటలో మారుస్తాం కదప్పా మేము!" అనేవాడు. ఆయనకేం తెలుసు పాపం. భీమరావుకు మాత్రం తెలుసా ఏమి!

ఇంటికి రాగానే గోడ వైపు నుంచి ముసలాయన గొంతు వినిపించేది. "ఎంతవరకు వచ్చిందిరా?"

"సూర్యుడు ఎక్కినాడప్పా. చంద్రుడు ఇంకా మొరాయిస్తాండాడు."

పద్మాబాయి అన్నం వడ్డించేది. ఏదో చెప్పబోయి ఆగేది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని కూడా వేళ్ళ మీద అంకెలు లెక్కపెట్టుకుంటుంటే ఎవరు మాట్లాడతారు?

జనవరి వచ్చింది. ఎమ్మిగనూరు జాతర అయిపోయింది. చంద్రుడు కూడా ఎక్కాడు. తిథులు వచ్చాయి, నక్షత్రాలూ వర్జ్యాలూ ఇంకా మిగిలే ఉన్నాయి. ఒక ఆదివారం పొద్దున భీమరావు పరీక్ష పెట్టాడు. గడిచిన మూడేళ్ళ తిథులు కొత్త మిషనుతో గుణించి, అచ్చయిన పాత పంచాంగాల పక్కన పెట్టాడు. అన్నీ సరిపోయాయి. మూడు సరిపోలేదు. మూడూ ఏకాదశులే. మొదటిది క్రోధన కార్తీకం. పాతదాని ప్రకారం దశమి యాభై అయిదు ఘడియల యాభై తొమ్మిది విఘడియలకు అయిపోయింది. కొత్తదాని ప్రకారం యాభై ఆరు దాటి రెండు విఘడియలు.

ఏసీ గదిలో ఆయనకు చెమటలు పట్టాయి. కొత్తది తప్పయితే తొమ్మిది నెలల చాకిరీ బూడిద, ఉగాదికి పంచాంగం లేదు. పాతది తప్పయితే మూడేళ్ళుగా మూడుసార్లు, తన మాట నమ్మి ఇన్ని ఊళ్ళ జనం పస్తుండాల్సిన రోజు తిన్నారు. తనతో సహా. ఏది తప్పో చెప్పగలిగింది లోకంలో ఒక్క మనిషి. చెప్పులు వేసుకోవడం కూడా మరచి ఇంటికి పరుగెత్తాడు.

"అప్పా! క్రోధన కార్తీక శుద్ధ దశమి ఎంతసేపుందో ఒక్కసారి గుణించి చెప్తావా? నీకు కష్టమని తెలుసు..."

ముసలాయన లేచి కూర్చున్నారు. "నన్నెందుకు అడుగుతావురా? పద్మను అడుగు."

పద్మాబాయి మునగకాయలు కోస్తోంది. కత్తిపీట దగ్గర నుంచి లేవకుండానే చెప్పింది. "యాభై ఆరు మీద రెండు విఘడియలు."

భీమరావు యాభై ఆరు, రెండు అని వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

"ఇంకా రెండు కావాలంటే అవీ చెప్తా. అక్షయలో శ్రావణం ఒకటి, మొన్న ప్రభవలో కార్తీకం ఒకటి. మూడే కదా మీకు తేడా వచ్చింది?"

"నువ్వు... అన్ని ఏండ్లవీ గుణించినావా?"

"మామకు తోచక చెప్పేవారు. నేను వేసేదాన్ని. తర్వాత ఆయన చెప్పకున్నా వేసేదాన్ని. అలవాటైపోయింది, వేయకపోతే ఏదో పని మిగిలినట్టు ఉంటుంది."

"మరి నాకు చెప్పలేదేం?" గట్టిగానే అరిచాడు. తప్పు చేసినవాడి గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

"చెప్పితిని కదా. మీరు నవ్వితిరి."

అది నిజం. భీమరావుకు ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. పాత మిషనులో చోటు చాలక తను పారేసిన శేషాలు! ఒక్కొక్కటీ కంటికి ఆననంత చిన్నవి. కొత్త ప్రాసెసరుకు భాగహారం వచ్చు కనుక అది వాటిని దాచింది, బలపం మొదటి నుంచీ దాచింది.

"అయితే మనమంతా ఆ మూడు ఏకాదశులూ..." అని ఆగాడు.

"మనమంతా కాదు," అంది పద్మాబాయి. ముక్కలు గిన్నెలో వేస్తూ తల ఎత్తలేదు. "మీరు అచ్చు వేయించిన రోజు అందరితో పాటు ఉన్నాము. మరునాడు అసలుది కూడా ఉన్నాము. మామా, నేనూ. మీకు పారణ వడ్డించి తలనొప్పి అని చెప్పి పడుకునేదాన్ని."

భీమరావు తండ్రి వైపు చూశాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు రోజులు, తులసి తీర్థం తప్ప ఏమీ లేకుండా. "అప్పా, నువ్వన్నా ఒక్క మాట చెప్పకూడదా!"

"ఏమని చెప్పేది? ఊరంతా నీ మిషనుకు దండం పెడతాండె. కొడుకు పేరు పోగొట్టేదానికన్నా రెండు పూటలు తినకుండేది మేలనుకుంటిమి." ముసలాయన చూపు లేని కళ్ళతో కొడుకు ఉన్న దిక్కుకు తిరిగి నవ్వారు. "కానీ ఆ టానిక్కు ఉందే, దాంతో మాత్రం సచ్చిపోతినిరా నాయనా. పస్తుండే కడుపులో ఆకలి పుట్టే మందు పోసినావు!"

ఆ మాటకు పద్మాబాయి కూడా నవ్వింది. భీమరావు నవ్వలేకపోయాడు. ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. ఏడవాల్సిన పనే, ఏడవనియ్యండి.

కొంతసేపటికి ముక్కు చీదుకుని అన్నాడు. "తిథులు వచ్చినాయి గానీ నక్షత్రాలు మిగిలిపోయినాయి. శివరాత్రికి కావు. ఈ ఏడుకు లేనట్టే."

పద్మాబాయి చేతులు కడుక్కుని లోపలికి పోయి, మసాలా డబ్బాల వెనక నుంచి ఒక నోటు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. విభవ నామ సంవత్సరం. పన్నెండు నెలలు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, వర్జ్యం. ప్రతి పుట మూలా బుల్లి అంకెల్లో శేషాలు.

"దీపావళికే అయిపోయింది. మీది అయితే దీన్ని పొయ్యిలోకి వేద్దామనుకుంటి. ఇద్దామంటే మళ్ళీ నవ్వుతారేమోనని."

మరునాడు భీమరావు మిల్లుకు సెలవు పెట్టి ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. సుంకప్ప పుటలు తిప్పి కళ్ళు పెద్దవి చేశాడు. "ఏం సామీ, మీ మిషను దస్తూరి ఇంత బాగుందే! పోయిన ఏండ్లు అది కొట్టిన ఆ సుక్కల అచ్చరాలు సదవలేక సస్తాంటిమి."

"అది మిషను కాదప్పా. మా ఇంట్లో వాళ్ళది. అట్ట మీద ఆ కంప్యూటరు బ్లాకు తీసేయి. పద్మాబాయి అని పేరు వేయి."

"తీసేది ఎట్లప్పా? సావుకారు నిన్ననే మనిషిని పంపినాడు. ఈసారి దాన్ని ఎర్ర సిరాలో ఎయ్యమని. బ్లాకు లేకుంటే ఆయన కాగితం ఇయ్యడు, కాగితం లేకుంటే పుస్తకం లేదు. నువ్వే సెప్పు."

భీమరావు ఏం చెప్తాడు? కొంతసేపు నిలబడ్డాడు. కొంతసేపు కూర్చున్నాడు. ఆఖరి బస్సు కన్నా ముందు బస్సుకే తిరిగి వచ్చేశాడు. చెడ్డవాడు కాదని మొదటే చెప్పాను, ధైర్యవంతుడని చెప్పలేదు.

ఉగాదికి వారం ముందు పంచాంగం వచ్చింది. నలభై ఏళ్ళ వరస తెగలేదు. అట్ట మీద ఎర్ర సిరాలో, చూపు లేని వెంకోబారావు గారికి తప్ప అందరికీ కనిపించేంత పెద్దగా, 'కంప్యూటరు ద్వారా గణితము చేయబడినది'. భీమరావు ఆ పుస్తకాన్ని అట్ట కింది వైపు పెట్టి పెళ్ళాం చేతికి ఇచ్చాడు. ఆమె ముందు కార్తీకం తీసి, ఏకాదశి మీద వేలు పెట్టి చూసుకుంది. సరిగ్గా పడింది. తర్వాత తిప్పి అట్ట చూసింది.

"సుంకప్పకు చెప్పినానే. సావుకారు..." అంటూ భీమరావు నసిగాడు.

"ఉండనీండి," అంది పద్మాబాయి. "రేపు ఏదన్నా తప్పు దొరికితే దాని మీదికే పోతుంది."

పుస్తకాన్ని మేకుకు తగిలించి వంటింట్లోకి పోయింది. ఆ ఏడు ఏ ఏకాదశికీ ఆమె రెండు రోజులు పస్తుండలేదు.